డెబ్భై తొమ్మిది, డెబ్భై తొమ్మిది, ముప్ఫై ఏడు

పోయినవారం మనం వదినని ప్రయోగశాల నేలమాళిగ గదిలో వదిలిపెట్టాం. చుట్టూ తవుడు పోసిన పళ్ళేలు, వాటి నిండా పిండిపురుగులు, ఆమె చెవి దగ్గర ఫోను. ఫోను ఆమెది కాదు, ఆడపడుచు బుల్లిది. "కిరణాలాయన ఫోన్ చేస్తాడు. మూడు అంకెలు చెప్తాడు. రాసి పట్టుకురా, తెర మీద చూపించే చివరి బొమ్మ మీద వేస్తాను. పదకొండింటికి సభ, మర్చిపోకు" అని పొద్దున్నే ఆమె చేతిలో పెట్టి బుల్లి పైకి పరుగెత్తింది. కిరణాలాయన అంటే దూరపు ఊళ్ళో పెద్ద యంత్రం దగ్గర పనిచేసే మనిషి. ఇక్కడ బుల్లి పెంచిన స్ఫటికాలని అక్కడ ఎక్స్-రే కిరణాలకి ఎదురుగా పెట్టి, లోపల ఏముందో చూసి చెప్పేది ఆయనే.

ఆయన ఫోన్ చేశాడు. చెప్పాడు. డెబ్భై తొమ్మిది, డెబ్భై తొమ్మిది, ముప్ఫై ఏడు.

వదిన తవుడు బస్తాకి అంటించిన కాగితం చివర చింపి, దానిమీద రాసుకుంది. అంకెలు బాగా వంకర పోయాయి. "మంచివేనా అండీ?" అని అడిగింది. 

"వదినగారూ, స్ఫటికం అంటే ఒకే కొలత ఇటుకలు పేర్చిన గోడ లాంటిది. ఈ మూడూ ఆ ఇటుక కొలతలు. ఒక్కో ప్రోటీనుకి ఒక్కో ఇటుక. ఈ కొలతలు మాత్రం మా వాళ్ళందరికీ సొంత ఇంటి నంబరు లాంటివి. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడి చేతా మొదటిరోజు పెంచించేది ఈ స్ఫటికమే. ఇది మీ పురుగుది కాదు. కోడిగుడ్డు తెల్లసొనది."

"మేము గుడ్లు వాడం కదండీ."

"అదే నాకూ అర్థం కావడం లేదు. రెండు స్ఫటికాలు చూశాను, రెండూ అవే. బుల్లి పాపకి మెల్లగా చెప్పండి."

ఫోను పెట్టేశాడు. మెల్లగా చెప్పమన్నాడు. గోడ మీద గడియారం పదీ ముప్ఫై ఎనిమిది చూపిస్తోంది.

 వదిన ఆ గదిలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. చదువుకున్నది తక్కువ, చూసింది ఎక్కువ. పిండిపురుగుని బాక్టీరియా అంటిన సూదితో పొడిస్తే, ఆ పొడిచిన చోట నల్లటి చుక్క ఏర్పడుతుంది. నెత్తురే నల్లబడి, గడ్డకట్టి, వచ్చిన బాక్టీరియాని కప్పేస్తుంది. మెదడు ఇంత లేని పురుగుకి, లోపలికి దూరింది పరాయిది అని ఎలా తెలుస్తుంది? నెత్తుటిలో తిరిగే ఒక ప్రోటీను వల్ల తెలుస్తుంది. బాక్టీరియా చుట్టూ ఉండే గోడని అది తడిమి గుర్తుపడుతుంది. గుర్తుపట్టగానే కేక వేస్తుంది. ఆ ప్రోటీను ఒంటిమీద ఎక్కడో ఒక గాడి ఉందనీ, బాక్టీరియా గోడ ముక్క వచ్చి ఆ గాడిలో ఒదుగుతుందనీ బుల్లి నమ్మకం. ఈ పురుగులో ఆ గాడి ఆకారం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. చూడాలంటే ఆ ప్రోటీనుని స్ఫటికంగా పెంచాలి. పదకొండు నెలలు పెంచింది.

పురుగుల్లోంచి తీస్తే అది ఆవగింజంత కూడా రాదు. అందుకని దాన్ని చేసే సూచనని, అంటే జన్యువుని, బాక్టీరియాలో పెట్టి, వాటి చేతే చేయిస్తారు. "దొంగల చేత పోలీసుని తయారుచేయిస్తున్నాం వదినా" అని బుల్లి నవ్వేది. పోలీసు తయారయ్యాక దొంగల్ని పగలగొట్టి బయటికి లాగాలి. పగలగొట్టే యంత్రం ఒకటుంది. అరగంట సేపు చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. దానికి కీచురాయి అని పేరు పెట్టుకున్నారు. పగలగొట్టడం వదిన పని.

ఫ్రిజ్ తలుపుకి లోపలివైపు, మూడో అరలో, చిన్న గాజు సీసా ఉంది. వదిన వెళ్ళి దాన్ని తీసింది. తెల్లటి పొడి, సగానికి తక్కువే మిగిలింది. పై అంతస్తులో పరిశోధన చేసేవాళ్ళు ఇచ్చినప్పుడు "గోడలు కరిగించే పొడి" అన్నారు. సీసా మీద ఇంకేదో పొడుగాటి పేరు ఉంది. ఇన్నాళ్ళూ చదవలేదు. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఆ పేరు కింద, చీమ తలకాయంత అక్షరాలతో రాసి ఉంది: కోడిగుడ్డు తెల్లసొన నుంచి తీసినది.

మెట్లు ముప్ఫై రెండు. ఎప్పుడూ లెక్కపెట్టనిది ఆ రోజు లెక్కపెట్టింది.

సభ జరిగే హాలుని ఆనుకుని చిన్న గది ఉంది. మడత కుర్చీలు, పాత బోర్డులు అందులోనే పడేస్తారు. బుల్లి అక్కడ కంప్యూటరు ముందు నిలబడి, కూర్చోవడానికి ఓపిక లేనట్టు ఒక కాలి మీద బరువు వేసి బొమ్మలు సరిచూసుకుంటోంది. కొత్త బట్టలు. జుట్టు ఎప్పుడూ లేనంత శ్రద్ధగా దువ్వుకుంది.

"వచ్చావా తల్లీ! ముందు ఆ తవుడు దులుపుకో. అసలే ముగ్గురు పెద్దమనుషులు వస్తున్నారు, నిన్ను చూసి ఆ పురుగు ఈవిడే కాబోలు అనుకుంటారు" అంది. తల తిప్పకుండానే చెయ్యి చాపింది. "ఏవీ నా అంకెలు?"

వదిన కాగితం ఇచ్చింది. సీసా ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

బుల్లి చదివింది. మళ్ళీ చదవలేదు. అవసరం లేకపోయింది. ఆమె కూడా ఒకప్పుడు మొదటిరోజు పని నేర్చుకున్నదే.

"ఇవి ఎవరివి?"

"మనవే అన్నాడు."

"కాదు. వేరేవాళ్ళ కాగితం చూసి చదివుంటాడు. వందమందివి చూస్తాడు రోజుకి."

"రెండు స్ఫటికాలు చూశాడట బుల్లీ. రెండూ అవేనట."

బుల్లి మడత కుర్చీ ఒకటి లాగింది. అది సరిగా విచ్చుకోలేదు. కాలితో తన్ని, సగం విచ్చుకున్న దాని అంచునే కూర్చుంది.

"స్ఫటికాల పళ్ళెంలో ఉప్పెక్కువ పోసిన గుంటల్లోనే మొలిచాయి" అంది తనలో తాను. "అప్పుడే అనుకోవాల్సింది. తెల్లసొన ఉప్పులోనే మొలుస్తుంది. కానీ మనదాంట్లోకి తెల్లసొన ఎక్కణ్ణించి వస్తుంది? నేను వాడనే లేదు. ప్రయోగాలు రాసుకునే పుస్తకం మొత్తం నాకు కంఠతా వచ్చు. ఎక్కడా లేదు. ఎవరో నా గిన్నెలు వాడారు. పై అంతస్తు వాళ్ళ పనే ఇది. వాళ్ళని..."

ఒక్క క్షణం. వదినకి ఆ క్షణం చాలా పొడుగ్గా అనిపించింది. ఊరుకుంటే పై అంతస్తు వాళ్ళ మీదికి పోతుంది. వాళ్ళు కాదంటారు. ఎవరూ తేల్చలేరు. సీసా బొడ్లో దోపుకుంటే సరిపోతుంది.

ఆమె చెయ్యి ముందుకి వచ్చింది. ధైర్యం వల్ల కాదు, పట్టు జారిపోతుంటే.

"నేనే వేశానమ్మా."

బుల్లి సీసా వైపు చూసింది.

"కీచురాయిని అరగంట తిప్పాలి కదా. అది అరిచినప్పుడల్లా నువ్వు చెవి పట్టుకుని మెట్ల మీద కూర్చునేదానివి. చెవిలో ఆపరేషను అయినప్పటినుంచీ నీకు ఆ చప్పుడు పడదు. పైవాళ్ళు చిటికెడు ఈ పొడి వేస్తే పది నిమిషాల్లో పగిలిపోతాయన్నారు. వేశాను. పది నిమిషాల్లోనే అయిపోయింది."

"ఎప్పటినుంచి?"

"పోయినేడు వానలకి ముందు నుంచి."

"అన్నిసార్లూ?"

"అన్నిసార్లూ."

"పుస్తకంలో రాశావా?"

"లేదు."

"ఎందుకని?"

"తిడతావని."

బుల్లి నవ్వింది. లోపల ఏదో తెగినట్టుంది ఆ నవ్వు. "తిడతానని! పదకొండు నెలలు కోడిగుడ్డు పెంచాను నేను. వంటింట్లో రెండు నిమిషాల్లో ఉడికేదాన్ని పదకొండు నెలలు పెంచాను. తిడతానని రాయలేదట."

"కడిగితే పోతుందనుకున్నా బుల్లీ. ఉప్పులాంటిది అనుకున్నా. అది కూడా ప్రోటీనే అని నాకేం తెలుసు?"

"నాకు తెలుసుగా!" బుల్లి లేచింది. కుర్చీ పక్కకి పడింది. "నాకు తెలుసు. ప్రోటీనులని బరువు ప్రకారం విడదీసే పరీక్ష చేసిన ప్రతిసారీ మన గీత కింద ఇంకో సన్నగీత కనపడేది. చూశాను. మనదాంట్లోనే తోక తెగిన ముక్క అనుకున్నాను. రెండిటి ఒడ్డూ పొడుగూ దగ్గర దగ్గర. తర్వాత ఏం చేశాం? స్ఫటికం కరిగించి, బాక్టీరియా గోడ పొడి కలిపి చూశాం, పట్టుకుంటుందా లేదా అని. పట్టుకుంది! ఎగిరి గంతేశాం. పట్టుకోదా మరి? తెల్లసొన పొడికి ఉన్న పనే అది. గోడని పట్టుకోవడం, కరిగించడం. ఈ ప్రయోగశాలలో ఉన్న ప్రోటీనులన్నిటిలో మనది కాక ఇదొక్కటే ఆ పరీక్షలో నెగ్గుతుంది. నువ్వు సరిగ్గా అదే వేశావు."

వదిన కింద పడ్డ కుర్చీని ఎత్తి నిలబెట్టింది. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి చేసింది. గడియారం పదీ నలభై తొమ్మిది.

"ఇప్పుడు వాళ్ళకి ఏం చెప్తావు?"

 బుల్లి ముఖంలో వేరే ఆలోచన మొదలైంది. వదినకి అది కనిపించింది. పాపం, చూడకుండా ఉంటే బాగుండేది.

ఈ ఇద్దరి సంగతి కొత్తగా చదువుతున్నవాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. వదిన భర్తే బుల్లి అన్నయ్య. తొమ్మిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం చెప్పులు వేసుకుంటూ "ఇప్పుడే వస్తా" అన్నాడు. రాలేదు. చనిపోలేదనీ, ఇంకో ఊళ్ళో ఇంకో ఇంట్లో ఉన్నాడనీ తర్వాత తెలిసింది. అతను వెళ్ళిపోయాక ఆ ఇంట్లో అతని భార్య, అతని చెల్లెలు మిగిలారు. ఏ మనిషి వల్ల వదిన, ఆడపడుచు అయ్యారో ఆ మనిషే లేడు. అయినా ఆ పిలుపులు పోలేదు. ఇప్పుడు బుల్లికి పెద్ద యంత్రం ఉన్న ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. స్ఫటికాల ఫోటో చూసే పిలిచారు. ఇవాళ్టి సభలో వాళ్ళ ముగ్గురు మనుషులు విని సంతకం పెట్టించుకుంటారు. ఇవాళ్టికి పదకొండో రోజున ప్రయాణం. పిండిపురుగులకి అక్కడ చోటు లేదు. వాటితో పాటు వదినకీ లేదు. వదిన "వెళ్ళమ్మా, హాయిగా వెళ్ళు" అని నాలుగుసార్లు అంది. ఆ నాలుగుసార్లూ గిన్నెలు కడుగుతూనే అంది.

"వదినా" అంది బుల్లి. గొంతు చాలా మామూలుగా ఉంది. "వానలకి ముందు అన్నావు. వారం గుర్తుందా?"

"పైకప్పు బాగుచేయించుకున్న వారం."

"నేను ఆ ఉద్యోగానికి అర్జీ పెట్టింది కూడా అదే వారం. బల్ల మీద పెట్టాను. నువ్వే టపాలో వేసొచ్చావు."

వదినకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తల అడ్డంగా ఊపింది.

"లేదు బుల్లీ."

"ఏది లేదు? నేనింకా ఏమీ అడగలేదు."

"నువ్వు అడగబోయేది లేదు."

"నన్ను ఆపడానికి చేశావా?"

ఈ ప్రశ్నకి జవాబు ఏముంటుంది? కాదంటే కాదన్నట్టే ఉండదు. ప్రమాణం చేస్తే ఇంకా అబద్ధంలా ఉంటుంది. నీ చెవి నొప్పి చూడలేక చేశాను అని ఇందాకే చెప్పింది. మళ్ళీ చెబితే కట్టుకథ అప్పజెప్పినట్టుంటుంది. బుల్లి వెళ్ళకుండా ఉంటే బాగుండునని ఆమె అనుకోలేదా? రోజూ అనుకుంది. పళ్ళేలలో తవుడు మారుస్తూ అనుకుంది, అన్నం వడ్డిస్తూ అనుకుంది. అనుకున్న మనసుకీ, పొడి వేసిన చేతికీ మధ్య ఏ సంబంధమూ లేదని ఎదుటివాళ్ళకి ఎలా చూపించాలి? తనకి తానైనా చూపించుకోగలదా?

"నాకు చదువు లేదు బుల్లీ. అంత ఎత్తు వెయ్యడం నాకు చేతకాదు" అంది చివరికి.

"చేతకాకపోయినా చెయ్యొచ్చు. అన్నయ్యని ఆపలేకపోయావు కదా. ఈసారి కొంచెం ముందు జాగ్రత్త పడ్డావు."

ఆ మాట అనగానే బుల్లి ముఖం పక్కకి తిప్పుకుంది. అది గాల్లోనే ఉండిపోయింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఆమె ఏమీ చెయ్యలేదు.

వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముంజేత్తో తుడుచుకోబోతే తవుడు పడి ఇంకా మండాయి.

"ఏడవకు" అంది బుల్లి. "కన్నీళ్ళలో కూడా అదే ప్రోటీను ఉంటుంది. దాని మొహం నేనింక చూడలేను."

తలుపు తట్టి పెద్దసారు లోపలికి తొంగిచూశాడు. ప్రయోగశాలకి ఆయనే పెద్ద. ఎప్పుడూ హడావుడిగా ఉండే మంచి మనిషి. "ఏమ్మా, సిద్ధమేనా? వాళ్ళు వచ్చేశారు. వదినగారూ, మీరూ రండి, వెనకాల కూర్చోండి. మీ పురుగులకి కూడా చప్పట్లు కొట్టిస్తాను" అని వెళ్ళిపోయాడు. ఆయనకి ఏమీ తెలియదు. ఆ చిన్న గదిలో ఆ క్షణాన ఆయనంత సుఖమైన మనిషి లేడు.

బుల్లి కంప్యూటరు మూసి చంకలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.   కాగితం ముక్క నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయింది. ఫోను వదిన చేతిలోనే ఉండిపోయింది.

వదిన వెనక తలుపు దగ్గర నిలబడింది. లోపల నలభైమంది దాకా ఉన్నారు. ముందు వరసలో దూరపు ఊరి ముగ్గురు, ఇద్దరు మగవాళ్ళు, ఒక పెద్దావిడ. ఆవిడ అప్పుడే కలం తీసి నోటు పుస్తకం తెరుచుకుంది. తెర మీద మొదటి బొమ్మ పడింది. అరచేతిలో పిండిపురుగు. ఆ చెయ్యి వదినదే. బొటనవేలి మీద పాత కాలిన మచ్చ అంత పెద్దగా కనపడేసరికి ఆమె తెలియకుండానే చెయ్యి వెనక్కి దాచుకుంది. పెద్దసారు ఏదో అన్నాడు, అందరూ నవ్వారు.

రెండో బొమ్మ, నల్లబడ్డ నెత్తుటి చుక్క. బుల్లి బాగానే చెబుతోంది. బాక్టీరియా గోడ గురించి, గాడి గురించి, పురుగు పరాయిదాన్ని గుర్తుపట్టడం గురించి. గొంతు తడబడలేదు. ఒక్కసారి మాత్రం మంచినీళ్ళు తాగింది. వదినకి ఒక వెర్రి ఆశ పుట్టింది. చెప్పకుండా దాటేస్తుందేమో! ఈ ఒక్కరోజు గడిస్తే తర్వాత మళ్ళీ పెంచుకోవచ్చేమో! ఆ ఆశ వెనకాలే భయం. దాటేసి సంతకం పెట్టి వెళితే, అక్కడ ఎవరో ఒకరు ఆ మూడు అంకెలు అడిగిన రోజున బుల్లి బతుకు ఏమవుతుంది?

మూడో బొమ్మలో స్ఫటికాలు మెరుస్తున్నాయి. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది. నిజంగానే అందంగా ఉన్నాయి.

బుల్లి ఆ బొమ్మ వైపు కాసేపు చూసింది. తర్వాత గుప్పిట విప్పి కాగితం మడతలు సాపు చేసింది.

"ఇక్కణ్ణుంచి ముందుకి వెళ్ళే ముందు మీకు ఒక మాట చెప్పాలి" అంది.

సరిగ్గా అప్పుడే వదిన చేతిలో ఫోను వణికింది. ఆమె ఉలిక్కిపడి తలుపు లాగి వరండాలోకి వచ్చింది. కిరణాలాయన.

"వదినగారూ! పాప ఇంకా ఏమీ మాట్లాడలేదు కదా?" ఆయనకి రొప్పు వస్తోంది. "ఆపండి. ఏమీ చెప్పవద్దనండి. మనసొప్పక మిగతావి కూడా చూశాను. మూడోది కూడా తెల్లసొనే. కానీ నాలుగోది కాదు. దాని ఇటుక వేరు. ఈ కొలతలు నేను ఎన్నడూ చూడలేదు. పట్టికలన్నీ వెతికాను, ఎక్కడా లేవు. మీ పురుగుదే అయ్యుండొచ్చు. ఖాయంగా చెప్పలేను, బలహీనంగా ఉంది. ఒక్క పావుగంట ఆగమనండి చాలు. అంకెలు రాసుకోండి."

వదిన దగ్గర రాసుకోవడానికి ఏమీ లేదు. 

తలుపు సందులోంచి బుల్లి గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. "... నావి కావు ... పురుగుది కాదు ... తప్పు పూర్తిగా నాదే, ఇందులో ఇంకెవరికీ ..."

ఇప్పుడు తలుపు తోసుకుని వెళ్ళి ఆగు అని అరవచ్చు. అరిస్తే, ఆ నాలుగో స్ఫటికం నిజమైనదైతే, బుల్లి పదకొండో రోజున వెళ్ళిపోతుంది. అరవకపోతే ఉండిపోతుంది. అరవకపోతే, ఆ చిన్న గదిలో బుల్లి అన్న మాట నిజమైపోతుంది. వానలకి ముందు నిజం కానిది ఇప్పుడు ఈ వరండాలో నిజమవుతుంది.

"వింటున్నారా అమ్మా? హలో?"

  వదిన బొటనవేలు ఫోను మీద పడింది. కావాలని నొక్కిందో, పొరపాటున తగిలిందో, ఆ తర్వాత తనని తాను ఎన్నిసార్లు అడిగినా ఆమెకే తెలియలేదు. కిరణాలాయన గొంతు ఆగిపోయింది.

లోపల కుర్చీలు జరిగిన చప్పుడు. ఎవరో గట్టిగా ఏదో అడిగారు. ఎవరో "కూర్చోండి, కూర్చోండి" అన్నారు. అంతలో తలుపు తెరుచుకుంది. బుల్లి ఒక్కతే బయటికి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. కానీ పెద్ద బరువేదో దించుకున్న మనిషిలా నిలబడింది. వదినని చూసి రెండడుగులు దగ్గరికి వచ్చింది. ఇందాకటి మాటకి ఏదో చెప్పబోతున్నట్టు పెదవులు కదిలాయి.

ఫోను మళ్ళీ మోగింది.

బుల్లి దాని వైపు, తర్వాత వదిన ముఖం వైపు చూసింది.

"ఎవరు వదినా?" అంది.